పదమూడుతో పోదనుకున్న సంఖ్య

మొన్న నాకు కప్పిన శాలువా ఇంకా ముందుగదిలో కుర్చీ మీదే పడి ఉంది. గుంటూరులో మా వీధిలో ఎవరికైనా సన్మానం జరిగిందంటే ఆ శాలువా కొన్నాళ్ళు అలా బయటే ఉంటుంది. వచ్చినవాళ్ళ కంట పడాలి, వాళ్ళు అడగాలి, మనం అబ్బే ఏముందండీ అంటూనే మొత్తం చెప్పాలి. నేనూ ఇన్నాళ్ళు అలా చెప్పినదాన్నే. ఈ శాలువా మాత్రం అందుకు బయట లేదు. దాన్ని ముట్టుకోవాలంటే సిగ్గుగా ఉంది. లోపల పెట్టమంటారా అని అడిగిన పనమ్మాయి మీద విసుక్కున్నాను, తర్వాత అందుకూ సిగ్గుపడ్డాను. ఈ వయసులో మనిషికి ఇంత సిగ్గు మిగిలి ఉంటుందని నాకు తెలియదు. దాని సంగతి చెప్పాలంటే మా నాన్న సంగతీ, ఆయన సంఖ్య సంగతీ చెప్పాలి.

మాది ప్రత్తిపాడు నుంచి బాగా లోపలికి పోతే వచ్చే ఊరు. ఊరికి ఎడంగా మా పల్లె, పల్లె నడుమ చర్చి, చర్చిని ఆనుకుని మిషను వాళ్ళు కట్టిన బడి. ఆ బడికి నాన్న హెడ్మాస్టరు. నాన్నకి ముందు మా ఇంట్లో బడి గడప తొక్కినవాళ్ళు లేరు. తాతయ్యా నాయనమ్మా మిరప కోతలకీ పత్తి తీతకీ పోయిన మనుషులు. నాన్న బోర్డింగులో ఉండి చదువుకుని, ఉద్యోగం కూడా మా పల్లెలోనే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాడు. కొత్తలో ఊళ్ళో ఒక పెద్దాయన అరుగు మీద నుంచి, "ఏరా మాస్టారూ, మిరపకాయలు కోసుకునేవాళ్ళకి ఇన్ని లెక్కలెందుకురా?" అని నవ్వాడట. నాన్న జవాబు చెప్పకుండా వచ్చేశాడు. ఆ మాట మాకు నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నాయనమ్మే చెప్పేది, చెప్పిన ప్రతిసారీ ఆ పెద్దాయన్ని కడుపారా తిట్టేది.

నాన్నకి ఒక పిచ్చి ఉండేది. ఏ అంకె కనబడినా దాన్ని విరగ్గొట్టి చూడందే అన్నం సహించదు. బస్సు నంబరు, బియ్యం బస్తా మీద అచ్చు, చర్చిలో పాటల పలక మీద అంకెలు, ఏదైనా సరే, ఏ ఎక్కంలో పోతుందో చూడాల్సిందే. "పోతుంది, ఏడుతో పోతుంది" అని గొణుక్కుంటూ సైకిలు తొక్కేవాడు. అలాంటి మనిషి ఒక వాన సాయంత్రం అమ్మ కుట్టుమిషను బెల్టు జారితే సరిచేయడానికి కూర్చుని, ఇనప దిమ్మ మీద కొట్టిన నంబరు చూశాడు. ఆ మిషను మా బడి నడిపిన దొరసానమ్మ గారు దేశం వదిలి పోతూ అమ్మకి ఇచ్చింది. నూనె తుడిస్తే ఎనిమిది అంకెలు బయటపడ్డాయి. నాన్న వాటిని పలక మీదికి ఎక్కించి, మన పద్ధతిలో కామాలు పెట్టి, పైకి చదివాడు: 1,68,96,217. కోటీ అరవై ఎనిమిది లక్షల తొంభై ఆరు వేల రెండు వందల పదిహేడు.

సరిసంఖ్య కాదు. చివర ఐదూ సున్నా లేవు. అంకెలన్నీ కూడితే నలభై, కాబట్టి మూడుతో పోదు. ఏడు, పదకొండు, పదమూడు, ఈ మూడింటికీ కలిపి నాన్న దగ్గర ఒకే కిటుకు ఉండేది. ఏడు పదకొండ్లు డెబ్భై ఏడు, దాన్ని పదమూడుతో హెచ్చిస్తే వెయ్యిన్నొకటి వస్తుంది, కిటుకంతా అందులో ఉంది అనేవాడు. చిన్నప్పుడు బోర్డింగులో దొరసానమ్మ గారు నేర్పిందట. సంఖ్యని కామాల దగ్గర ముక్కలు చెయ్యాలి. చివరి ముక్కలోంచి దాని ముందుది తీసెయ్యాలి, ఆ ముందుది కలపాలి, మళ్ళీ తీసెయ్యాలి. మిగిలిన చిన్న సంఖ్య పోతే పెద్దదీ పోతుంది, అది పోకపోతే ఇదీ పోదు. మా బడి పిల్లలందరికీ ఇది నోటికి వచ్చు. ఆ రోజు మా కళ్ళ ముందే చేశాడు, నూట ఎనభై ఎనిమిది వచ్చింది. ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు. నాన్న పలకని దూరంగా పట్టుకుని, కొత్త పెళ్ళికూతురిని చూసినట్టు చూసి, "ఇది గట్టిదే" అన్నాడు.

ఇక పదిహేడు నుంచి మోత పనే. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విరిగితే ఆ రెంటిలో చిన్నది దాని వర్గమూలాన్ని మించదు. మా సంఖ్యకి ఆ హద్దు నాలుగు వేల నూట పది. అంటే పదిహేడు నుంచి అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. నాన్న పాత క్యాలెండర్ల వెనక వాటన్నిటినీ రాసి, మా అందరికీ వంతులు వేశాడు. నాకు చిన్నవి, అన్నయ్యకి పెద్దవి, మరీ పెద్దవి తనకి. పదిహేడుతో చేస్తే రెండు మిగిలింది. పంతొమ్మిదితో పదకొండు. అలా మొదలైన పని మిరప మీద మిరప, పత్తి మీద పత్తి వచ్చిపోతున్నా సాగుతూనే ఉంది.

ఆ సాయంత్రాలు నాకు ముందు ముక్కుకి గుర్తొస్తాయి. కల్లాల్లో ఎండిన కాయలు తొడిమలు తీయడానికి గోనెలతో ఇంటికి వచ్చేవి. అమ్మా నాయనమ్మా చేతులకి ఆముదం రాసుకుని, ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని, రాశి ముందు కూర్చునేవాళ్ళు. మేము గుమ్మానికి అవతల, గాలి వాటున, పలకలు పెట్టుకునేవాళ్ళం. అయినా ఘాటు వదిలేది కాదు. భాగహారం మధ్యలో ఒకరు తుమ్మితే వరసగా అందరం తుమ్మేవాళ్ళం, కళ్ళు మండి అంకె తప్పేది. అమ్మ చేతులు కళ్ళ దగ్గరికి పోనివ్వకుండా మోచేత్తో చెంప తుడుచుకుంటూ, మేము తడబడిన చోట ఎక్కం అందించేది. అమ్మ చదివింది మూడో తరగతే గానీ ఎక్కాలు గట్టివి. నాయనమ్మకి మాత్రం ఈ వ్యవహారం అంతుపట్టేది కాదు.

"ఒరేయ్, ఇయ్యాలన్నా ఇరిగిందంట్రా ఆ లెక్క?" అని అడిగేది.

"ఇరగలేదమ్మా."

"ఇరక్కపోతే దాని మానాన దాన్ని వదిలెయ్యరాదంట్రా? నీకేం పగరా దానిమీద?"

"పగ కాదే, ఇరగకూడదనే చూస్తన్నా" అనేవాడు నాన్న. బడిలో అచ్చు పుస్తకంలా మాట్లాడే మనిషి నాయనమ్మ దగ్గరికొచ్చేసరికి పల్లె మాటలోకి దిగిపోయేవాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. లెక్కలయ్యాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక అన్నం. ప్రార్థన మొదలుపెట్టే గౌరవం ఆ పూట ఎవరి లెక్కలోనైనా తప్పు పట్టుకున్నవాళ్ళది. అన్నయ్య తప్పు నేను పడితే నేను, నా తప్పు అన్నయ్య పడితే అన్నయ్య. ఒకసారి నాన్న పలక మీద హెచ్చవేత తప్పిందని నేను పట్టుకున్నాను. భయపడుతూ చెప్పాను. నాన్న చూసుకుని, పలక పక్కన పెట్టి, నాకు చేతులు జోడించి, "కానీ తల్లీ, మొదలుపెట్టు" అన్నాడు. ఆ పూట నా గొంతు పక్కింటిదాకా వినిపించిందని అమ్మ నవ్వింది. తప్పు పట్టినవాళ్ళు మనల్ని కాపాడినట్టు, వాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాడికి లెక్కలు రావు అని నాన్న అనేవాడు. ఆ మాటని నా క్లాసుల్లో చెప్పి నేను చాలా చప్పట్లు కొట్టించుకున్నాను.

చివరి భాగహారం కూడా శేషం మిగిల్చిన ఏడాది, చర్చిలో కోతల పండుగ వచ్చింది. ఆ పండుగకి ఎవరి మొదటి పంట వాళ్ళు దేవుడి ముందు పెడతారు. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, తర్వాత వాటిని వేలం వేస్తారు. మాకు పొలం లేదు. నాన్న ఒక అట్టముక్క మీద ఆ సంఖ్య రాసి, తీసుకెళ్ళి కోళ్ళ పక్కన పెట్టాడు. పాస్టరు గారు దాన్ని చదివి, ఇదేమిటని మాస్టారినే అడిగారు. నాన్న లేచి నిలబడి, "మా ఇంటిల్లిపాదీ పండించిందండి. ఈ లోకంలో ఎవడూ దీన్ని ముక్కలు చెయ్యలేడు" అన్నాడు. అరుగు మీద నవ్వినాయనకి జవాబు అదేనని మా ఇంట్లో అందరికీ అర్థమైంది. అప్పటినుంచి ఆ సంఖ్య బడి గోడ మీదికెక్కింది. ఏటా సున్నం కొట్టినప్పుడల్లా మళ్ళీ రాసేవాళ్ళు. నాన్న పోయాక కూడా రాశారు.

నేను లెక్కలే చదివాను. గుంటూరులో కాలేజీ పిల్లలకి లెక్కలే చెప్పి రిటైరయ్యాను. ఈ కథ ఎన్ని సభల్లో చెప్పానో లెక్క లేదు. అయినా ఒక్కనాడూ ఆ సంఖ్యని పదమూడుతో భాగించి చూడలేదు. ఎందుకు చూస్తాను, నాన్న చూశాడుగా. ఇప్పుడు ఫోన్లో కొడితే రెప్పపాటులో చెబుతుంది. అదీ చెయ్యలేదు. మా ఇంటి దేవుడి మాటని ఫోన్‌ని అడిగి తేల్చుకోవడం ఏమిటనిపించేది కాబోలు.

ఈమధ్య ఆ బడిని కొత్తగా కట్టారు. పూర్వ విద్యార్థులు కలిసి ఒక గదికి నాన్న పేరు పెట్టారు. గుమ్మం పక్కన నల్లరాయి మీద నాన్న పేరు, పేరు కింద ఆ సంఖ్య కామాలతో సహా, దాని కింద 'ఎవరికీ లొంగని సంఖ్య' అని బంగారు రంగు అక్షరాలు. ఆ రాయి మీద గుడ్డ తీయడానికి నన్ను పిలిచారు. మొన్నటి శాలువా అక్కడ కప్పిందే. నేను మైకు పట్టుకుని కథంతా చెప్పాను, మిరప ఘాటు దగ్గర నవ్వించాను, కోతల పండుగ దగ్గర ముందు వరసలో ఆడవాళ్ళని ఏడిపించాను. చెప్పడం అయి కూర్చోబోతుంటే, కింద పట్టాల మీద కూర్చున్న పిల్లల్లోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఏడో తరగతి, సన్నటి పిల్ల, రెండు జడలు.

"మేడమ్, అది పదమూడుతో పోతుందండి" అంది.

"ఏది పోతుందమ్మా?"

"రాయి మీదదండి. మీరు మాట్లాడుతుంటే చేసి చూశానండి."

"ఏయ్ కెజియా, కూర్చో!" అన్నాడు పక్కనుంచి హెడ్మాస్టరు. కుర్రవాడే, మర్యాదస్తుడు, పాపం నా ముందు బడి పరువు పోతుందని అతని భయం.

నేను అక్కడ ఆగిపోయి ఉండొచ్చు. ఏదమ్మా, ఇలా వచ్చి చూపించు అని ఉండొచ్చు. మైకు నా చేతిలోనే ఉంది. ఆ క్షణంలో నాకు ఆ పిల్ల కనిపించలేదు, నాన్న రాయి మీద ఎవరో పేడ కొట్టినట్టనిపించింది. నవ్వు మొహం పెట్టుకునే అన్నాను: "చూడమ్మా, మీ అమ్మ కూడా పుట్టకముందే మా నాన్నగారు ఏడూ, పదకొండూ, పదమూడూ అన్నీ చూసే ఆ మాట అన్నారు. నువ్వు ముందు ఎక్కాలు సరిగ్గా నేర్చుకో."

అందరూ నవ్వారు. ఆ పిల్ల నిలబడే, "ఎక్కాలు వచ్చండి. ఇరవై దాకా వచ్చండి" అంది. ఇంకా నవ్వారు. అప్పుడు కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో శాలువా ఒళ్ళో ఉంది. ముందు మిరప టిక్కీలు, ఆ పెద్ద గోనె బస్తాలు, నింపుకుని లారీ పోతోంది, అద్దాలు వేసినా ఘాటు లోపలికి వస్తోంది. ఆ పిల్ల 'వచ్చండి' అన్న తీరు చెవిలోంచి పోలేదు. పొగరుగా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. మోకాలి మీద వేలితో భాగించడం మొదలుపెట్టాను. పదహారులో పదమూడు ఒకసారి, మూడు మిగులు. చివరికి వచ్చేసరికి సున్నా మిగిలింది. మళ్ళీ చేశాను. మళ్ళీ సున్నాయే. పదమూడు పన్నెండు లక్షల తొంభై తొమ్మిది వేల ఏడు వందల తొమ్మిదులు.

కిటుకు తప్పు కాదు, కామాలు తప్పు. దొరసానమ్మ గారు వాళ్ళ దేశం తీరున మూడేసి అంకెలకి ఒక కామా పెట్టేది. వెయ్యిన్నొకటితో నడిచే కిటుకుకి ముక్కలు మూడేసి అంకెలే ఉండాలి. నాన్న కామా దగ్గర కొయ్యమన్న మాటని గుర్తుపెట్టుకుని, లక్షలూ కోట్లూ చదివే మన కామాల దగ్గర కోశాడు. ఐదంకెల దాకా రెండు దారులూ ఒకటే. మా బళ్ళో ఐదంకెలు దాటిన లెక్క ఎప్పుడొచ్చింది గనక? పదహారు, ఎనిమిది వందల తొంభై ఆరు, రెండు వందల పదిహేడు అని కోసి ఉంటే, అటూ ఇటూ తీసేసరికి ఆరు వందల అరవై మూడు వచ్చేది. పదమూడు యాభై ఒకట్లు. మొదటి సాయంత్రమే, మొదటి పలక మీదే, ఆ సంఖ్య విరిగిపోయి ఉండేది. మా అమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకున్న అన్ని సాయంత్రాలు దాని వెనక వచ్చినవే.

ఇంటికి చేరేలోగా ఇంకొకటి తట్టింది. ఆ పెద్ద ముక్క, పన్నెండు లక్షల చిల్లరది, ఏడు, పదకొండు, పదమూడు సరిగ్గా చూసినా ఇక దేనితోనూ పోదు. మేము వంతులు వేసుకుని చేసిన భాగహారాలన్నీ నిజానికి రుజువు చేసింది ఆ మాటే. నాన్న దగ్గర లొంగని సంఖ్య నిజంగానే ఒకటి ఉంది, గోడ మీద రాసినది కాదు, దాని లోపలిది. ఎవరో ఒకరు లేచి పదమూడుతో పోతుందండీ అని ఉంటే ఆ గోడ మీద సరైనదే ఉండేది. ఇన్నేళ్ళకి ఒకరు లేచారు. ఆ పిల్ల మా ఇంట్లో పుట్టి ఉంటే ఆ పూట ప్రార్థన ఆమెదే. నాన్న చేతులు జోడించేవాడు. నాన్న పేరు చెప్పుకుని బతికిన నేను మైకులో నవ్వించాను. ఊళ్ళో ఆ పెద్దాయన అరుగు మీద కూర్చుని నవ్వాడు, నేను వేదిక మీద నిలబడి నవ్వాను, అంతే తేడా.

మర్నాడు పొద్దున్నే బయల్దేరి బడికి వెళ్ళాను. వెళ్ళగానే చెప్పేయాలని దారంతా అనుకున్నాను. హెడ్మాస్టరు గారు ఎదురొచ్చి, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "నిన్నటి విషయానికి ఏమనుకోకండి మేడమ్. ఆ పిల్లకి గట్టిగా చెప్పాం. వాళ్ళమ్మ కోల్డ్ స్టోరేజీలో పనికి పోతుంది, ఆవిణ్ణీ పిలిపించాం. పాపం చాలా బాధపడింది" అన్నాడు. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఈలోగా అతనే కబురు పెట్టి ఆ పిల్లని పిలిపించాడు. నాన్న పేరు పెట్టిన గదిలోనే ఉన్నాం.

"చెప్పు" అన్నాడు.

"తప్పయిపోయిందండి మేడమ్" అంది, నేల చూస్తూ. "అది పదమూడుతో పోదండి."

ఎవరో నేర్పి పంపిన మాట. ఆ పిల్ల చేత్తోనే నిజం బయటికి రానివ్వాలనుకున్నాను, అదే మర్యాద అనుకున్నాను. సుద్దముక్క తీసి ఇచ్చి, "బోర్డు మీద చెయ్యమ్మా, చూద్దాం" అన్నాను. నా గొంతు ఆ పిల్లకి ఎలా వినిపించిందో నాకు తట్టలేదు. పరీక్ష పెట్టినట్టే వినిపించి ఉంటుంది.

చకచకా చేసుకుపోయింది. అంకెలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు, వేళ్ళు లెక్కపెట్టలేదు. ఆఖరి అంకె దించింది. నూట పదిహేడు. అక్కడ సుద్దముక్క ఆగింది. హెడ్మాస్టరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"పదమూడు తొమ్ములు..." అంది, గుటక మింగి, "నూట పదహారు" అంది. నూట పదిహేడు కింద నూట పదహారు వేసింది. గీత గీసి, కింద శేషం ఒకటి పెట్టింది.

"చూశారా మేడమ్, ఒకటి మిగిలింది" అన్నాడు హెడ్మాస్టరు, హమ్మయ్య అన్నట్టు.

నేను లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"పదమూడు తొమ్ములు నూట పదిహేడు కదమ్మా" అన్నాను.

"తెలుసండి" అంది.